మా ఆయన పక్కన నడిచినావిడ

చింతాద్రిపేట నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దోసెల పిండిలో ఉప్పు వేసి కలుపుతున్నాను. చేతి నిండా పిండి. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను.

"డ్రిల్లు టీచరు పోయింది యక్కా. కాఫీ తాగి కూచునింది కూచున్నట్టే పోయింది" అని ఆవిడ చెల్లెలి కోడలు చెప్పింది.

డ్రిల్లు టీచరంటే మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా మిద్దె మీద గదిలో చాలా ఏళ్ళు అద్దెకున్న మనిషి. ఆడపిల్లల బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైంది. ఏడెనిమిదేళ్ళపాటు రోజూ పొద్దున మా ఆయన పక్కన నడిచింది. నేను నడవలేదు, ఆవిడ నడిచింది. అందుకని ఆ కబురు విన్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్తే మీరు నన్ను మెచ్చుకోరు. ఈ మాట మా ఆయనకి నేనే చెప్పాలి, చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, అందులో ఎంత దుఃఖం ఉందో చూసి తీరాలి అనుకున్నాను. పోయిన మనిషి మీద కూడా కుళ్ళుకోవచ్చని నాకు ఆ పిండి చేతులతోనే తెలిసింది.

ఆవిడ అందగత్తె అయి ఉంటే నాకు సులువుగా ఉండేది. పదిమందికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని, పదిమందీ అయ్యో పాపం అనేవాళ్ళు. ఆవిడకి అరవై దగ్గర పడ్డాయి. నల్లగా, పొడుగ్గా, దూలంలా ఉండేది. వాయిల్ చీర చీలమండకి పైన, కొంగు నడుములో దోపి, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు. మెడలో నల్లతాడుకి వేలాడే ఇత్తడి విజిలు. ఆ విజిలు జాకెట్టు లోపలికి దోపుకునేది. కుక్క అడ్డమొస్తే, సైకిలు మీదికొస్తే, సందులో ఎవడైనా గోడకి తిరిగి నిలబడితే తీసి ఊదేది. బడి మానేసి ఎన్నేళ్ళయినా వీధి మొత్తం తన క్లాసే అనుకునేది.

ఆవిడ కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. మా ఇంటికొస్తే స్తంభానికి ఆనుకుని ఒక కాలు మీద కాసేపు, రెండో కాలు మీద కాసేపు నిలబడేది. కూర్చోండి టీచరమ్మా అంటే, "కూచుంటే ఒళ్ళు మనల్ని కూచోబెట్టేస్తుంది కోడలా" అనేది. నన్ను కోడలా అనే పిలిచేది. మా అత్త పిలుస్తుందని వాడకట్టంతా పిలిచే పిలుపు అది. గుడ్డలో కట్టి మొలకెత్తించిన పెసలు కొంగున మూట కట్టుకుని, మాట్లాడుతూ మధ్యమధ్య నోట్లో వేసుకునేది. ఆవిడ మాటల్లో ఎక్కువ సార్లు విన్నది ఒకటుంది: "గుండె గుర్రం లాంటిదమ్మా. కట్టేసి మేపితే తంతుంది." ఆ మాట మా అత్తకి అసలు పడేది కాదు. ఎందుకంటే మేం చేసింది అదే.

తొంభైల మొదట్లో ఒక సాయంత్రం మా హోల్‌సేల్ బట్టల కొట్టులో కరెంటు తీగ కాలి నిప్పంటుకుంది. లుంగీల కట్టలు, తువ్వాళ్ళ మూటలు, నిప్పుకి అంతకన్నా మేతేం కావాలి. లోపల మా ఆయన, మా మామగారి కాలం నుంచీ ఉన్న పెద్ద గుమాస్తా ఉన్నారు. షట్టరు సగం దిగి ఇరుక్కుపోయింది. బయటివాళ్ళు కడ్డీలు పెట్టి ఎత్తి, కింద నుంచి మా ఆయన్ని లాగారు. గుమాస్తాని లాగేసరికి ఆయనలో ప్రాణం లేదు.

లోపల ఆ కాసేపట్లో ఏం జరిగిందో మా ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను మెల్లగా అడిగాను, ఏడ్చి అడిగాను, అలిగి అన్నం మానేసి అడిగాను. "ఏముంది, పొగ" అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

ఒంటి మీద కాలిన చోట్లు మానాయి గానీ మనిషి కుదుటపడలేదు. పక్క కొట్టు షట్టరు గరగరమంటే చాలు, రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని గోడకి ఆనుకునేవారు. నుదుట చెమట. "పోతా ఉండా, పోతా ఉండా" అనేవారు. నిద్ర లేదు. ఉలిక్కిపడి లేచి తలుపు తీసే ఉందా లేదా అని చూసుకునేవారు.

"గుండె అదిరింది వాడికి. అదిరిన గుండెని కదిలించకూడదు" అని మా అత్త తీర్మానించింది. మా ఇళ్ళలో అది వేదం. ఆయన్ని పచ్చి బాలింతలా చూసుకున్నాం. మెట్లెక్కనివ్వలేదు, బావి దగ్గరికి పోనివ్వలేదు, స్నానానికి నీళ్ళు కూడా నేనే తోడి పోశాను. బాదం పాలు, నెయ్యన్నం, మధ్యాహ్నం పడక, సాయంత్రం పడక. ఇంట్లో ఎవరూ తలుపు గట్టిగా వెయ్యకూడదు. నేను గాజులు పైకి లాక్కుని గిన్నెలు తోమేదాన్ని. అంత ప్రేమగా చూసుకుంటే ఆయనకి పొట్ట వచ్చింది, పెరట్లోకి పోయి రావడానికి ఆయాసం వచ్చింది, ఆయాసం రాగానే మళ్ళీ "పోతా ఉండా" వచ్చింది.

చివరికి రాయపురంలో తెలుగు డాక్టరుకి చూపించాం. ఆయన పరీక్షలన్నీ చేసి, మా ఆయన్ని బయట కూర్చోమని, మా అత్తనీ నన్నూ పిలిచాడు.

"గుండెలో అడ్డేమీ లేదమ్మా. భయం లోపల కాపురం పెట్టింది. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, పేరుతో మీకేం పని. అయితే ఆ భయం ఏళ్ళ తరబడి గుండెని ఇట్టా తరుముతా ఉంటే రేపు నిజంగానే గుండెజబ్బు పట్టుకోవచ్చు. ఇప్పటికే బీపీ ఎక్కింది. పండబెట్టింది చాలు, నడిపించండి. ఒళ్ళు చెమట పట్టేటట్టు నడిపించండి."

"నడిస్తే ఆ అదురు పోతుందా?" అంది అత్త.

"పూర్తిగా పోతుందని నేను చెప్పను. గుండెకి బలమొస్తుంది, నిద్ర పడుతుంది. మిగతాది చూద్దాం. ఒక్కడ్నే పంపకండి. పక్కన ఒక మనిషి ఉండాలి."

పక్కన ఒక మనిషి అనగానే నేను కొంగు బిగించుకుని లేచాను. మా అత్త నన్ను చూసిన చూపుకి మళ్ళీ కూర్చున్నాను.

ఆ చూపేమిటో చెప్పాలి. మా కుటుంబాల్లో కోడలు మొగుడి పక్కన వీధిలో నడవదు. పెళ్ళికి పోయినా పేరంటానికి పోయినా ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. దూరమైతే ఆయన నడిచి, నేను రిక్షాలో. అందులోనూ కొట్టున్న వీధిలో మొగుడూ పెళ్ళామూ భుజాలు రాసుకుంటూ నడిస్తే కొట్టులో లక్ష్మి అలిగిపోతుందని మా అత్తకి వాళ్ళత్త చెప్పింది. కాలిపోయిన కొట్టులో ఇంకా ఏ లక్ష్మి మిగిలి ఉందని అడగబోయి నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక అత్త ఆలోచించి ఆలోచించి పైకి చెయ్యి చూపించింది.

"పైన టీచరుంది గదా. తెల్లారితే సముద్రం దాకా పోయి వస్తానే ఉంటుంది. దాని వెంట పంపిస్తే సరి."

"ఆడమనిషి గదా అత్తా" అన్నాను.

"అదేం ఆడది? అది డ్రిల్లు టీచరు."

అట్లా అయింది ఏర్పాటు. పెళ్ళాం పక్కన నడిస్తే తప్పు, మిద్దె మీదావిడ నడిస్తే వైద్యం. తల్లి ఒప్పుకుంది, వీధి ఒప్పుకుంది, లక్ష్మి కూడా ఏమీ అనలేదు. ఒప్పుకోలేనిదాన్ని నేనొక్కదాన్నే.

పొద్దున్నే ఆవిడ మెట్లు దిగే చప్పుడుకి నా కడుపులో మంట మొదలయ్యేది. వాకిట్లో నిలబడి లోపలికి పిలవదు, ఒక్కసారి గొంతు సవరించుకుంటుంది. మా ఆయన లేచి వెళ్ళేవారు. నేను పిలిస్తే 'కాసేపాగు' అనే మనిషి, ఆ దగ్గుకి లేచేవారు. ఇద్దరూ రైల్వే గేటు దాటి కాసిమేడు వైపు సముద్రం దాకా పోయేవాళ్ళు. అక్కడంతా చేపల పడవలు. ఉల్లిపాయ కూడా పండగనాడు ముట్టని మా ఇంటికి ఆయన చేపల కంపుతో తిరిగొచ్చేవారు. అత్త వాకిట్లోనే బిందెడు నీళ్ళు పెట్టించి, కాళ్ళూ చేతులూ కడిగించి, మీద నాలుగు చుక్కలు పసుపు నీళ్ళు చల్లి లోపలికి రానిచ్చేది. నాకు ఆ కంపు కన్నా ఆయన మొహం మీది చెమట ఎక్కువ బాధ పెట్టేది. ఆ చెమట తుడవడానికి తువ్వాలు పట్టుకుని నిలబడితే, ఆయన భుజం మీది తువ్వాలుతో ముందే తుడుచుకుని ఉండేవారు.

మనిషి మారుతూ వచ్చారు. పొట్ట తగ్గింది. రెండో మారు అన్నం అడిగారు. ఒక మధ్యాహ్నం గురక విని నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. నిద్ర పట్టింది. నా మొక్కులన్నీ ఒక్కొక్కటే తీరుతున్నాయి, కానీ వాటిని తీరుస్తున్న దేవుడు కాన్వాసు బూట్లు వేసుకుని మిద్దె మీద ఉంది. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆయన బాగుపడుతున్నందుకు ఏడ్చే పెళ్ళాం ఉంటుందా? నేనున్నాను.

ఏం మాట్లాడుకుంటారు అంత దూరం? అదే నన్ను తినేసింది. నాకు చెప్పనిది ఆవిడకి చెప్తున్నారని నాకు నమ్మకం కుదిరిపోయింది. షట్టరు వెనక ఏం జరిగిందో ఆవిడకి తెలుసు. నాకు తెలియదు. పదిహేనేళ్ళు కాపురం చేసినదాన్ని నేను, మొన్న మొన్న పక్కన నడవడం మొదలుపెట్టింది ఆవిడ. ఒకరోజు అడిగేశాను కూడా.

"దోవలో ఏం మాట్లాడుకుంటారు?"

"ఏమీ లేదే" అన్నారు.

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. ఆ 'ఏమీ లేదు' నాకు ఇంకా కారం పూసింది.

ఒక పొద్దున గుడికి పోతున్నానని అత్తకి చెప్పి, సందు మొదట్లో రిక్షా ఎక్కి, వాళ్ళ వెనకే పోనిమ్మన్నాను. ఆ రోజు ఆవిడ కావాలనే ఆలస్యంగా బయల్దేరదీసింది. సముద్రం నుంచి తిరిగి వచ్చేటప్పుడు బజారు వీధిలోంచి తీసుకొచ్చింది. టీ కొట్లు, కిరాణా కొట్లు తెరిచే వేళ. నేను రిక్షా టాపు కిందికి లాక్కుని చూస్తున్నాను.

ఒక షట్టరు గరగరా లేచింది. మా ఆయన ఆగిపోయారు. చేతులు గుండె మీదికి పోయాయి, వీపు గోడకి ఆనింది. నేను రిక్షాలోంచి దూకబోయాను. ఆవిడ మాత్రం ఆయన్ని పట్టుకోలేదు, గుండె రుద్దలేదు, అయ్యో అనలేదు. ఆయన వైపు సరిగా చూడను కూడా లేదు. రోడ్డు వైపు తిరిగి నిలబడి విజిలు తీసి ఒక్క ఊదు ఊదింది. ఆ తర్వాత ఆ బజారు మధ్యలో, చీరతో, మోకాళ్ళు పైకెత్తుతూ నిలబడ్డ చోటే డ్రిల్లు మొదలుపెట్టింది.

"కాళ్ళాడించవయ్యా! అది ఎట్టాగూ కొట్టుకుంటా ఉండాది గదా, సుమ్మా, ఊరికే ఎందుకు కొట్టుకోవాల? దానికి పనియ్యి!"

టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. మా ఆయన ముందు ఒక కాలెత్తారు. తర్వాత రెండోది. చేతులు గుండె మీంచి కిందికి దిగాయి. కాసేపటికి ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళెగరేస్తున్నారు. షట్టరెత్తిన కొట్టువాడు కూడా నవ్వుతూ నిలబడ్డాడు. ఆయాసపడుతూ, చెమటలు కారుతూ, మా ఆయన నవ్వారు. నిప్పు రోజు తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అది. తిరుపతి కొండకి మోకాళ్ళ మీద వస్తానని నేను మొక్కుకున్నది ఆ నవ్వు కోసమే. అది నా ఇంట్లో, నా ముందు రావాల్సింది. నేను రిక్షా వెనక్కి తిప్పమన్నాను.

ఆ మధ్యాహ్నం దడదడా మెట్లెక్కి పైకి పోయాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, తడి సుద్ద గుడ్డకి రాసుకుని బూట్లకి తెలుపు పూస్తోంది.

"రేపటి నుంచి ఆయన రారు" అన్నాను.

"ఏం, జొరమా?"

"కాదు."

"మరి?"

"బజారులో విజిలేసి ఆడిస్తారా మా ఆయన్ని? కోతినాడించినట్టు?" అన్నాను.

ఆవిడ బూటు కింద పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, బడిపిల్లది చెయ్యి పట్టుకున్నట్టు నా మణికట్టు పట్టుకుంది. నాడి మీద వేలు పెట్టి, "చూడు ఎట్టా కొట్టుకుంటా ఉండాదో. ఇది మెట్లకా, నా మీద కుళ్ళుకా?" అంది.

"మెట్లకే."

"బాగా చూసి చెప్పు."

చూశాను. గుండె ఒక్కటే, కొట్టుకోవడం ఒక్కటే. ఎందుకో దాని మీద రాసి లేదు.

"అదే నీ మొగుడి జబ్బు కోడలా" అంది ఆవిడ నా చెయ్యి వదిలేసి. "గుండె గట్టిగా కొట్టుకుంటే చాలు, షట్టరు దిగిందనుకుంటాడు. మీరేమో అది కొట్టుకోకుండా పండబెట్టినారు. రోజూ మంచి పని మీద కొట్టుకోనీ. కొట్టుకున్నా చావమని దానికే తెలుస్తుంది."

"ఇదంతా మీకెట్టా తెలుసు?"

ఆవిడ మళ్ళీ బూటు అందుకుంది. "నాకూ ఒకప్పుడు అదిరింది" అంది.

"ఏమైంది?"

"నడిచినాను."

నేనడిగింది అది కాదు. కానీ ఆవిడ చెప్పింది అంతే. ఇది కూడా మా ఆయనకి తెలిసే ఉంటుందనుకున్నాను. ఇంకో పిడికెడు కారం.

మెట్లు దిగబోతుంటే వెనక నుంచి అంది: "రేపు నువ్వే తీసుకుపో. నాకేం, నా కాళ్ళు నాకుండాయి."

కలిసొచ్చినట్టు ఆ వారమే అత్త కాళహస్తి వెళ్ళింది. పొద్దున్నే నేనే చీర సర్దుకుని, "పదండి, ఇవాళ నాతో" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, చెప్పులేసుకుని బయల్దేరారు. పెళ్ళయ్యాక మొదటిసారి నేను మా ఆయన పక్కన వీధిలో నడిచాను. వీధి కుక్క మొరిగినా నన్ను పొగిడినట్టే ఉంది. చేతిసంచిలో నీళ్ళ సీసా, తువ్వాలు, నిమ్మకాయ, డాక్టరిచ్చిన మాత్ర. అన్నీ తెచ్చాను.

"ఆయాసంగా ఉందా?" అన్నాను సందు చివర.

"లేదు."

"చెమట పడుతోందే. కాసేపు ఆగుదామా?"

"వద్దు."

"దడగా ఉందా? మొహం అట్లా ఉందేం?"

రైల్వే గేటు వచ్చేసరికి ఆయన మొహం నిజంగానే అట్లా అయిపోయింది. గేటు పక్క బల్ల మీద కూర్చున్నారు. చెయ్యి గుండె మీదికి పోయింది. నేను నీళ్ళు తాగించి, విసిరి, మాత్ర నోట్లో వేసి, రిక్షా పిలిచాను. ఒకే రిక్షాలో ఇంటికొచ్చాం.

సాయంత్రం ఆయన కోపం లేకుండానే చెప్పారు. "నువ్వు నా మొహం చూస్తా నడుస్తావు. నీ మొహంలో నేను చచ్చిపోతా కనిపిస్తాను. ఆమె రోడ్డు చూస్తా నడుస్తుంది."

నాకు కోపం రాలేదు, అంతకన్నా పెద్దదే వచ్చింది. నా ప్రేమ ఆయనకి షట్టరు చప్పుడు లాంటిదని తెలిశాక ఆడదానికి ఇంకేం మిగులుతుంది? వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని, పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు మెట్ల కింద నిలబడి నేనే పిలిచాను. "టీచరమ్మా, ఆయన తయారుగా ఉన్నారు."

ఆవిడ దిగొచ్చింది. గెలిచినట్టు ఒక్క నవ్వు నవ్వి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. నవ్వలేదు. "ఎండెక్కక ముందే పోదాం రావయ్యా" అని ముందుకి నడిచింది. మంచితనం కూడా మనిషిని ఎంత కాల్చగలదో నాకు ఆవిడే నేర్పింది.

ఏళ్ళు అట్లాగే గడిచాయి. కొట్టు మళ్ళీ కట్టాం. మొదట్లో షట్టరు ఎత్తేటప్పుడు ఆయన సందు చివర నిలబడేవారు, తర్వాత ఎదురుగా, తర్వాత ఒకరోజు ఆయనే వంగి ఎత్తారు. బీపీ దిగిందని రాయపురం డాక్టరు మాత్ర సగం చేశాడు. పూర్తిగా పోలేదు, డాక్టరు ముందే చెప్పాడుగా. దీపావళి టపాసులకి ఎప్పుడూ కష్టమే. ఆ రోజు తెల్లవారకముందే ఆవిడ ఆయన్ని సముద్రం గట్టుకి తీసుకుపోయేది. ఊరంతా టపాసులు, ఇళ్ళలో మొగుళ్ళకి పెళ్ళాలు తలంటి పోస్తుంటే, నేను కాగిన నీళ్ళ ముందు కూర్చుని ఎదురుచూసేదాన్ని. బాగా ఎండెక్కాక ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆవిడకి ఒక గిన్నెలో మిఠాయి పెట్టి ఇచ్చేదాన్ని. నిలబడే తినేది. "బెల్లం జాస్తి అయింది కోడలా" అనేది. ప్రతి ఏడూ అనేది, ప్రతి ఏడూ గిన్నె ఖాళీ చేసేది.

ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయ్యింది. మా అత్త పోయింది. నిరుడు టీచరుకి కాళ్ళు వాచాయి, మెట్లెక్కలేక చింతాద్రిపేటలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. మా ఆయన మిగతా రోజులు ఒక్కరే నడిచి, ఆదివారం మాత్రం బస్సెక్కి అక్కడికి పోయేవారు. కూవం నది ఒడ్డున, ఆ మురుగు కంపులో, ఆవిడ అడుగులో అడుగేసి నడిచి వచ్చేవారు. అత్త లేదు గనక ఇప్పుడు నేను పక్కన నడిస్తే అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఆయన పిలవలేదు. నేను అడగలేదు. ఒకసారి ఓడిపోయిన ఆట మళ్ళీ ఆడాలంటే సిగ్గు.

ఇంతలో ఈ ఫోను.

చేతులు కడుక్కుని, కొట్టు నుంచి ఆయన వచ్చేదాకా ఆగి, చెప్పాను. చెప్తూ మొహం చూశాను. ఆయన విని, "ఎప్పుడు తీస్తారంట?" అన్నారు. కాళ్ళు కడుక్కుని చొక్కా మార్చుకున్నారు. ఆ మొహంలో నాకేమీ దొరకలేదు.

చింతాద్రిపేటలో ఆవిడని నడవలో పడుకోబెట్టారు. అన్నేళ్ళలో ఆవిడ పడుకుని ఉండగా నేను చూడటం అదే మొదలు. చెల్లెలి కోడలు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్తోంది గానీ నా చూపు గుమ్మం పక్కకి పోయింది. కాన్వాసు బూట్లు గోడకి ఆనించి ఉన్నాయి. కొత్తగా తెలుపు పూసి ఉన్నాయి. ఆరిన సుద్ద ఇంకా వేలికి అంటేట్టుంది. వాచిన కాళ్ళకి అవి పట్టి కూడా ఉండవు. మా ఆయన వాటి ముందు నిలబడి, మెడ పక్కన నరం మీద రెండు వేళ్ళు పెట్టుకుని, కాసేపు అట్లాగే ఉన్నారు. అది ఆవిడ నేర్పిన పనే అయి ఉండాలి. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆవిడ కోసమో, నా కోసమో చెప్పలేను.

మర్నాడు పొద్దున ఆయన చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డారు. ఎంతసేపటికీ కదలరు. దేనికోసం ఆగారో నాకు తెలుసు, ఆయనకి తెలుసో లేదో. నేను కొంగు నడుములో దోపి, వెళ్ళి పక్కన నిలబడ్డాను. చేతిలో సంచి లేదు, సీసా లేదు. ఒక్కసారి గొంతు సవరించుకున్నాను. ఆయన కదిలారు.

రైల్వే గేటు దాకా నేను నోరు విప్పలేదు. నాలుక చివర 'ఆయాసంగా ఉందా' పదిసార్లు వచ్చి వెనక్కి పోయింది. గేటు దాటాక ఆగలేకపోయాను. అయితే ఏళ్ళుగా కుళ్ళబెట్టుకున్న వేరే ప్రశ్న వచ్చింది.

"టీచరమ్మకి ఏమైందండీ ఒకప్పుడు? నాకూ అదిరింది అని నాతో అన్నారు."

"తెలీదు. నేనడగలేదు."

"ఇన్నేళ్ళలోనా?"

"ఊహూఁ."

"మరి మీ సంగతి? కొట్టులో, లోపల... ఆవిడకి చెప్పారు గదా?"

"లేదు. ఆమె అడగలేదు."

ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా ఒక రహస్యం ఉందని, అందులో నాకు చోటు లేదని మండిపోయాను. రహస్యమే లేదు. ఊరికే నడిచారు. రహస్యం ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. చెప్పుకోకుండా, అడగకుండా ఒక మనిషి పక్కన ఇంకో మనిషి అన్నేళ్ళు నడవడం నా పదిహేనేళ్ళ కాపురంలోనూ, ఆ పైన ఏళ్ళలోనూ లేదు. పోయినావిడ మీద మళ్ళీ మొదటి నుంచి కుళ్ళొచ్చింది. గుండె దడదడలాడింది. అది నడకకో, ఆవిడ మీది మంటకో అడిగి తేల్చేవాళ్ళు ఇక లేరు.

చేపల పడవల దగ్గర వెనక్కి తిరిగాం. వచ్చేటప్పుడు బజారు వీధి. కొట్లు తెరిచే వేళ. ఎక్కడో ఒక షట్టరు గరగరమంది. ఆయన అడుగు తడబడింది. నా మెడ దానంతటదే ఆయన వైపు తిరగబోయింది. పళ్ళు బిగించి, ఎదురుగా వస్తున్న ఐసు బండిని చూస్తూ, కాస్త వేగంగా నడిచాను. ఆయన అడుగులు నా పక్కకి వచ్చి కలిశాయి.

మా కొట్టు దాటి నాలుగడుగులు వేశాక, నేనేమీ అడగకుండానే, ఆయన గొంతు వినిపించింది.

"ఆ రోజు గుమాస్తా నా చెయ్యి పట్టుకోనుండాడు..."

నేను ఆయన మొహం చూడలేదు. రోడ్డు చూస్తూ నడిచాను.